గీత మారాకే గెలిచిన గొంతు

అమెరికా కాంగ్రెస్ సభ్యురాలిగా పనిచేసిన నల్లజాతి నాయకురాలు బార్బరా జోర్డాన్ పేరెత్తితే అందరికీ 1974 జులై 25 నాటి ప్రసంగమే గుర్తొస్తుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన మీద చర్చ జరుగుతుంటే, రాజ్యాంగం రాసుకున్ననాడు ‘ప్రజలమైన మేము’ అన్న మాటలో తనలాంటివాళ్లకు చోటు లేదని గుర్తుచేస్తూనే, ఆ రాజ్యాంగం మీద తనకు సంపూర్ణ విశ్వాసం ఉందన్నారామె. ఇప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆమె గెలుపుల కంటే ముందు ఓటముల గురించే మాట్లాడుకోవాలని మేం అంటున్నాం.

పుట్టింది 1936లో, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే ఫిఫ్త్ వార్డులో. 1959లో బోస్టన్‌లో లా పూర్తిచేసి ఊరికొచ్చాక, అమ్మానాన్నల ఇంట్లో భోజనాల బల్ల మీదే కాగితాలు పరుచుకుని ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1962లో, మళ్లీ 1964లో టెక్సాస్ ప్రతినిధుల సభకు పోటీచేసి ఓడిపోయారు. అప్పట్లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ అంతా కలిపి ఓటేసేది, ఆమె పేటవాళ్లు ఎంత గట్టిగా వెనక నిలబడ్డా ఆ లెక్కలో తేలేవాళ్లు కాదు. 1964లోనే సుప్రీంకోర్టు ప్రతి ఓటుకూ సమాన విలువ ఉండాలనడంతో నియోజకవర్గాలను తిరగగీయాల్సి వచ్చింది. అంతే, 1966లో రాష్ట్ర సెనేట్‌కు గెలిచారు, 1883 తర్వాత అక్కడ అడుగుపెట్టిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. మనిషి అదే, ఆ గొంతూ అదే. మారింది నియోజకవర్గం గీత ఒక్కటే.

1972లో హ్యూస్టన్ 18వ నియోజకవర్గం నుంచి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాక ఆమె ఆ సంగతి మర్చిపోలేదు. 1975లో, ఓటింగులో జాతి వివక్షను అడ్డుకునే ఓటుహక్కు చట్టాన్ని టెక్సాస్‌కు, ఇంగ్లిష్ రాని ఓటర్లకు కూడా వర్తింపజేయాలని పట్టుబట్టారు, సొంత రాష్ట్రంలో చాలామంది నాయకులకు అది రుచించకపోయినా. హ్యూస్టన్‌లో ఇవాళ స్పానిష్, వియత్నామీస్, చైనీస్ భాషల్లో బ్యాలెట్ దొరుకుతోందంటే మూలం ఆనాటి సవరణే. నియోజకవర్గాల సరిహద్దులు మార్చే ముందు టెక్సాస్ రాష్ట్రం అమెరికా కేంద్ర ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రోజులూ దానితోనే మొదలయ్యాయి.

1979లో కాంగ్రెస్ వదిలి ఆస్టిన్‌లో పాఠాలు చెబుతూ గడిపారు, 1996లో కన్నుమూశారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ ముందస్తు అనుమతి కాస్తా పోయింది. 2025లో, జనాభా లెక్కలు రాకుండానే టెక్సాస్ మళ్లీ గీతలు మార్చేసింది, అందులో ఆమె 18వ నియోజకవర్గమూ ఉంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఓటున్న మన తెలుగువాళ్లకూ ఇది సంబంధించిన విషయమే. కాంగ్రెస్ ఆ అనుమతి నిబంధనను కొత్త చట్టంతో తిరిగి తేవాలి, పదేళ్ల లెక్కల మధ్యలో గీతలు మార్చడాన్ని నిషేధించాలి.