అంబాసిడర్ ఇంజన్లో గేరాయిల్ పొయ్యకండి

పాలకొల్లు, నరసాపురం వైపు పాత కార్లున్నవాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. అంబాసిడర్లో డిస్ట్రిబ్యూటర్ని (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) తిప్పే గేరుకి ఆయిల్ అందదట, ఆయిల్ పంపు బరువంతా దాని మీదే పడుతుందట. ఇంజనాయిల్లో అరలీటరు 90 గేరాయిల్ కలిపి, డిస్ట్రిబ్యూటర్ బాడీకి ఆకురాయితో గాడి తీస్తే ఇక జన్మలో అరగదట.

గాడి సంగతి పూర్తిగా కట్టుకథ కాదు. షెవర్లే వీ8 లాంటి అమెరికా ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ బాడీ చుట్టూ ప్రెషర్‌తో ఆయిల్ తిరుగుతుంది. కింది అంచున సన్నగా గీత తీస్తే ఆ ఆయిల్ గేరు మీద చిమ్ముతుంది. మన 1489 సీసీ ఇంజన్లో అక్కడికి ప్రెషర్ ఆయిలే రాదు. పైగా గేరు డిస్ట్రిబ్యూటర్‌కి ఉండదు, దాని కింద విడి షాఫ్టుకి ఉంటుంది. కాలవకి నీళ్లు వదలకుండా బోదె తవ్వి ఏం లాభం?

90 గేరాయిల్ అంటే 50 నంబరు ఇంజనాయిల్‌కి దాదాపు రెట్టింపు చిక్కన అనుకుంటారు. రెండిటి కొలతలూ వేరండీ. వేడెక్కాక 90 గేరాయిల్ ఇంచుమించు 40, 50 ఇంజనాయిలంత చిక్కగానే ఉంటుంది. అదనంగా వచ్చేది గంధకం మందులు. వేడికి అవి రాగి కలిసిన బేరింగుల్ని తినేస్తాయి.

ఆయిల్ పంపు బరువంతా ఆ గేరు మీదే పడుతుందన్నదీ షెవర్లే మాటే. మనదాంట్లో పంపుకి క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే షాఫ్టు) నుంచి వేరే డ్రైవ్ ఉంది.

మొన్న ఒక పెళ్లికారు వచ్చింది. టైమింగ్ లైట్ (ప్లగ్గుకి నిప్పురవ్వ వచ్చినప్పుడల్లా మెరిసే దీపం) పెడితే పుల్లీ మీది గుర్తు నిలకడగా లేదు. "గేరు పోయిందండీ, గేరాయిల్ పొయ్యమంటారా?" అన్నాడు డ్రైవర్. డిస్ట్రిబ్యూటర్, దాని హౌసింగ్ తీసి, 5/16 యూఎన్ఎఫ్ (సన్న మర) పొడుగు బోల్టు ఆ గేరు షాఫ్టు తలలో బిగించి పైకి లాగాం. (ముందే దాని పొజిషన్ గుర్తు పెట్టుకోండి, ఏటవాలు పళ్లు కాబట్టి లాగుతుంటే తిరిగిపోతుంది.) పళ్లు నున్నగా మెరుస్తున్నాయి, ఒక్కటీ పదునెక్కలేదు. తీసిన డిస్ట్రిబ్యూటర్‌కి రోటరు (పైన తిరిగే ముక్క) ఊడదీసి షాఫ్టు కొసని రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించా. టకటకమంది. పోయింది ఆ షాఫ్టుని పట్టి ఉంచే బుష్షు. కరెంటుని కలిపి తెంపే పాయింట్ల గ్యాపు అందుకే చుట్టుచుట్టుకీ మారిపోతోంది.

రోటరు కింద స్క్రూ మీద రెండు చుక్కల ఆయిల్ వెయ్యాలి. ఏళ్ల తరబడి ఎవరూ వెయ్యలేదు. అలాగని గుప్పించకండి, పాయింట్ల మీదికి పాకితే నిప్పురవ్వ రాదు.