రెండించుల నీరు ఎన్నాళ్లు?

బెంగళూరు మహదేవపురలోనో కేఆర్ పురంలోనో వీధి బోరు వేస్తే ముందు కొబ్బరికాయ, వెంటనే 'రెండించుల నీరు పడింది' అన్న కబురు. మరుసటి ఎండాకాలానికి అదే బోరు గాలి కక్కుతుంది. 2024 వేసవిలో బెంగళూరులోని సుమారు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. వానలు మొహం చాటేసిన మాట నిజమే. కానీ మోటారు దించేముందు వాటిలో ఎన్నింటికి సత్తా పరీక్ష, అంటే ఎంత వేగంగా తోడితే బోరు తట్టుకుంటుందో తేల్చే పరీక్ష, చేశారు?

ఇంచుల లెక్కలో మోసం లేదు, అది ఆ పూట లెక్క మాత్రమే. పారే నీటిని కొలిచే వీ-నాచ్ పలక (V ఆకారపు గాటున్న పలక) మీద గాటులో రెండించుల ఎత్తున పారితే గంటకు దాదాపు 2,900 లీటర్లు. వెయ్యడుగుల లోతు, ఆరున్నర అంగుళాల బోరులో 200 అడుగుల దగ్గర నీళ్లు నిలిస్తే, లోపల ఉన్న నిలవ నీరే 5,200 లీటర్లు. కంప్రెసర్ గంటసేపు ఎగజిమ్మింది నిలవ నీరో, ఊటో ఎవరు చెప్పగలరు?

నికరంగా తేలాలంటే ఏప్రిల్, మేలో 72 గంటలు ఆపకుండా తోడాలి. ముందురోజు మూడు నాలుగు వేగాలతో తోడి, బోరు దేన్ని తట్టుకుంటుందో చూసుకుని, నీటి మట్టం కోలుకునేదాకా వదిలేయాలి. అసలు పరీక్షలో వేగం మారకూడదు. మట్టం దిగేకొద్దీ మోటారు తక్కువ పోస్తుంది కాబట్టి గేటు వాల్వు దగ్గర మనిషి ఉండాల్సిందే. మోటారు పైపు పక్కన ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం దించకపోతే మట్టం కొలిచే టేపు మోటారు కేబుల్‌కు చుట్టుకుంటుంది. తోడిన నీళ్లు పక్క మోరీలోకి వదిలితే మళ్లీ బోరులోకే ఇంకవచ్చు. మధ్యలో కరెంటు పోయినా, పక్క అపార్ట్‌మెంటు మోటారు వేసినా అంకెలు చెడతాయి.

ఆ అంకెల్ని లాగ్ కాగితం మీద, అంటే కాలం పదింతలైన ప్రతిసారీ ఒకే దూరం జరిగే గీతల కాగితం మీద, గీస్తే దారి కనిపిస్తుంది. ఏడో గంట నుంచి 72వ గంట దాకా మట్టం 40 అడుగులు దిగిందనుకుందాం. అదే వాలున 30 రోజులకు మరో 40, వాన పడకుంటే 300 రోజులకు ఇంకో 40. ఆ లోతు నీళ్లొచ్చే ముఖ్యమైన రాతి చీలికను దాటుతుంటే వేగం తగ్గించాలి. ఇక్కడి గట్టి రాతిలో గీత ఉన్నట్టుండి కిందికి విరిగిందంటే ఒక చీలిక ఖాళీ అయినట్టే, లేదా ఊట హద్దు తగిలినట్టు. మోటారు ఆపిన మూడు రోజులకైనా మట్టం పాత చోటి దరిదాపులకు రాకపోతే, తోడింది ఊట కాదు, నిలవే.

2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైనా వీధి బోరు అవసరం తీరలేదు. ఈ పరీక్ష కాగితం జత చేయని బోరు బిల్లును పాస్ చేయకూడదు. గంటకు ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు తోడవచ్చో మోటారు గది గోడ మీద పరీక్ష తేదీతో సహా రాయించాలి.