సర్పంచ్ గారి కీ ఎవరి జేబులో ఉంది?

2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు మూడు విడతల్లో అయిపోయాయి. ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా మా మండలంలో ఏ ఊరి మొగదల చూసినా ఫ్లెక్సీలే. వాటిలో ఒకటి చెప్తాను. గెలిచిన ఆవిడ ఫోటో పైన ఒక మూలకి, పాస్‌పోర్ట్ సైజులో ఉంది. ఆధార్ కార్డు నుంచి తీసినట్టుంది, మసకగా. ఆమె భర్త మాత్రం తెల్ల చొక్కాలో నిలువెత్తున, దండం పెడుతూ. చుట్టూ పది పన్నెండు మంది మగవాళ్ల తలలు. "నన్ను గెలిపించిన గ్రామ ప్రజలకు ధన్యవాదాలు" అని రాసి ఉంది. ఆ "నన్ను" ఎవరో ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు.

భర్తల మీద జోకులు వేయడానికి ఈ పోస్టు రాయడం లేదు. "సర్పంచ్ పతి" జోకులు ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాయి, చివరికి అవి ఆ ఆడమనిషి మీదే పడతాయి. నా కోపం వేరే వాళ్ల మీద. మండల ఆఫీసులో ఆమె లోపలికి వస్తే "అమ్మా, సార్ రాలేదా?" అని అడిగే అధికారి మీద. ఆయన పక్కన కుర్చీ భర్తకి వేస్తారు, ఆమె వెనక బెంచీ మీద కూర్చుంటుంది. చట్టం ప్రకారం ఆ భర్త ఆ గదిలో మామూలు పౌరుడు. ఆ మాట అనాల్సింది ఆ అధికారే. అనడు. ఎందుకంటే ఆయనకి పని సులువు. బిల్లు, కమీషన్, కాంట్రాక్టర్ సంగతులు మగవాళ్లు మగవాళ్లు మాట్లాడుకుంటే త్వరగా తెములుతాయి.

ఇంకో సంగతి బయటివాళ్లకి అంతగా తెలియదు. ఇప్పుడు పంచాయతీ డబ్బులు చెక్కు చింపితే రావు. సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ డిజిటల్ కీలు ఇస్తారు, పెన్‌డ్రైవ్‌లాంటి చిన్న వస్తువు. రెండూ కంప్యూటర్‌కి పెట్టి ఓకే కొడితేనే పేమెంట్ వెళ్తుంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికీ ఉమ్మడి అధికారం పెట్టింది కాబట్టి ఈ ఏర్పాటు. మరి ఆ కీ ఎక్కడుంటుంది? నాకు తెలిసిన ఒక ఊళ్లో పోయినసారి అది భర్త బైక్ తాళాల గుత్తికే వేలాడింది. ఆమె సంతకం చేసిన బిల్లుల మీద ఆడిట్ అభ్యంతరం వస్తే నోటీసు మాత్రం ఆమె పేరుకే వచ్చింది. "అదేందో నాకేం తెలుసు బిడ్డా, ఆయన పెట్టమన్నకాడ పెట్టిన" అని ఏడ్చింది. పెత్తనం ఆయనది, కేసు ఈమెది.

ఇలాంటివి వినగానే మన చదువుకున్నవాళ్లు ఠక్కున ఒక మాట అనేస్తారు. "వాళ్లకి చదువు లేదు కదా, ముందు చదువుకోమనండి, తర్వాత పాలించవచ్చు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

హర్యానాలో ఈ మాటనే చట్టం చేశారు. 2015లో అక్కడ పంచాయతీకి పోటీ చేయాలంటే పదో తరగతి పాసై ఉండాలన్నారు. ఆడవాళ్లకీ దళితులకీ ఎనిమిది, దళిత మహిళ వార్డు మెంబరుగా నిలబడాలంటే ఐదు. దాంతోపాటు ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బిల్లు బాకీ ఉండకూడదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు అది సరైనదే అంది. అంటే ప్రభుత్వం బడి పెట్టకపోవడం వల్లో, ఇంట్లో పని ఉండి బడి మాన్పించడం వల్లో చదువు పోగొట్టుకున్న మనిషికి, అదే కారణంతో పోటీ చేసే హక్కు కూడా పోయింది. ఎమ్మెల్యేకి, ఎంపీకి, మంత్రికి ఏ తరగతీ అక్కర్లేదు. బోరింగు బాగుచేయించే సర్పంచ్‌కి మాత్రం మార్కుల మెమో కావాలి. రాజస్థాన్ కూడా అలాంటి నిబంధనే తెచ్చి 2019లో తీసేసింది. మన దగ్గర అది పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 59 మంది. ఎనిమిదో తరగతి దాటినవాళ్లు ఇంకెంతమంది ఉంటారు?

చదువు ముందా, పాల్గొనడం ముందా అన్న ప్రశ్నకి మన నేల మీదే జవాబు దొరికి ముప్పై ఏళ్లు దాటింది. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు దగ్గర పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాళ్ల వాచకంలో ఒక పాఠం సారాయి గురించి. ఒక ఊరి ఆడవాళ్లంతా కలిసి సారాయి కొట్టు మూయించిన కథ. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి పరీక్ష రాయలేదు, లేచి వెళ్లి తమ ఊరి సారాయి ఆపించారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. 1992 నాటికి అది ఊరూరా పాకింది. సారాయి వేలంపాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డం పడ్డారు. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాయి నిషేధించాల్సి వచ్చింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది.

ఇక్కడ జరిగిన క్రమం చూడండి. వాళ్లు డిగ్రీలు తెచ్చుకుని ఉద్యమం చేయలేదు. తమ ఇంటి బాధ అక్షరాల్లో కనబడింది కాబట్టి అక్షరం పట్టుబడింది. అక్షరం కోసం రోజూ ఒకచోట చేరారు కాబట్టి నలుగురు కలిసి మాట్లాడే అలవాటు వచ్చింది. ఆ అలవాటే కలెక్టర్ ఆఫీసు దాకా నడిపించింది. దీన్ని ముక్కలు చేసి ఇది విద్యాశాఖది, ఇది ఎక్సైజ్‌ది, ఇది రాజకీయం అని విడదీస్తే ఏమీ మిగలదు. 1997లో ప్రభుత్వం ఆదాయం పోతోందని మద్యనిషేధం ఎత్తేసింది. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు దూబగుంట ఆడవాళ్లని ఎవరూ పిలవలేదు. పలకలు పంచడానికి ఊరు కావాలి, బడ్జెట్ రాయడానికి అక్కర్లేదు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమాబీ సంగతి కూడా చాలామంది మర్చిపోయారు. 1995లో మహిళా రిజర్వేషన్ వల్ల గెలిచింది. మొదట్లో పెత్తనం భర్తదే. ఊళ్లో పొదుపు సంఘాల ఆడవాళ్లు వెంట నిలిచాక ఆవిడే పనులు చేతిలోకి తీసుకుంది. 1998లో పేదరిక నిర్మూలన పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అవార్డు తీసుకుంది. అప్పట్లో పేపర్లన్నీ ఆవిడని ఆకాశానికెత్తాయి. ఆవిడని అద్భుతంగా చూపిస్తే మిగతా వేలమందిని గాలికొదిలేయొచ్చు కదా. నాకు అందులో అద్భుతం ఏమీ కనబడదు. వెనక సంఘం ఉంది, లెక్కలు నలుగురిలో మాట్లాడే చోటు ఉంది. ఆ రెండూ ఇస్తే చాలామంది చేస్తారు.

మరి ప్రభుత్వాలు ఏమిచ్చాయి? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీ పదవుల్లో మహిళలకి మూడో వంతు తప్పనిసరి అంది, మన రెండు రాష్ట్రాలూ దాన్ని సగానికి పెంచాయి. బాగుంది. అదే సవరణ, పాలకవర్గం గడువు తీరేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే సర్పంచ్‌లు. పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ఊళ్లో ట్రాక్టర్ డీజిల్‌కి కార్యదర్శి జేబులోంచి పెట్టుకున్నాడు. "జనానికి చైతన్యం లేదు" అని ఉపన్యాసం ఇచ్చే పార్టీలే, అవి ఇవి అని లేదు, జనం ఓటు వేసే రోజునే ఏళ్ల తరబడి వాయిదా వేశాయి.

1994 పంచాయతీ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న రూల్ ఒకటి ఉండేది. మూడో కాన్పు వద్దని చెప్పే వీల్లేని కోడలికే ఆ శిక్ష పడింది. జనాభా తగ్గిపోతోందని భయం పట్టుకున్నాక 2024లో ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసేసింది. ఆమె హక్కు అని తీయలేదు, పిల్లలు కావాలని తీసింది. సర్లెండి, తీసింది చాలు.

ఏకగ్రీవాల గురించి అనకపోతే ఈ పోస్టుకి న్యాయం జరగదు. పోటీ లేకుండా సర్పంచ్‌ని ఎన్నుకుంటే ఊరికి డబ్బులిస్తామని ప్రభుత్వాలే ప్రోత్సాహకాలు పెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా. ఊరు కలిసికట్టుగా ఉంటే మంచిదేగా అంటారు. ఏ ఊళ్లో చూసినా ఆ కలిసికట్టు ఎవరి అరుగు మీద కుదురుతుంది? పెద్ద కులం పెద్దమనిషి ఇంటి ముందు, రాత్రి పూట. నామినేషన్ వేస్తానన్న దళిత కుర్రాణ్ని "ఊరి పరువు తియ్యకురా" అని నలుగురు కూర్చోబెట్టి చెప్తారు. కొన్ని ఊళ్లలో గుడి కడతానన్నవాడికి వేలంలో పదవి ఇచ్చేశారని ప్రతి ఎన్నికల్లో వార్తలొస్తాయి. ఓటు వేయనివ్వకుండా ఆపినందుకు సర్కారు బహుమతి! నాకైతే ఊళ్లో ముగ్గురు పోటీపడి, గోడలన్నీ పాంప్లెట్లతో పాడుచేసి, గొంతులు పోయేలా అరుచుకున్నా సరే అనిపిస్తుంది. కనీసం గుడిసె గుడిసెకీ వచ్చి పేరు పెట్టి పిలుస్తారు.

ఇప్పుడు గ్రామసభ. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఈ తేదీల్లో దేశమంతా గ్రామసభలు జరుగుతాయి. కాగితం మీద. పొద్దున పదకొండింటికి పెడతారు. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పదకొండింటికి ఊళ్లో ఎవరుంటారు? ముసలివాళ్లు, పార్టీ కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచరు. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చోమంటే ఏ ఆడమనిషి వస్తుంది? వచ్చినా కార్యదర్శి గడగడా చదివే "ఎస్టిమేట్, శాంక్షన్, గ్యాప్ ఫండ్" ఎవరికర్థమవుతాయి? తర్వాత రెండు రోజులకి కారోబార్ (పంచాయతీ గుమస్తా) రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. "అక్కా, ఇక్కడో సంతకం." ఏం రాశారని అడిగితే "ఏం లేదక్కా, మీటింగ్‌ది." ఆ సంతకాలతోనే మీటింగ్ నిండుగా జరిగినట్టు లెక్క తేలుతుంది. పింఛన్ జాబితాలో పేరు ఎందుకు తీసేశారో తెలియని మనిషి, తీసేసిన తీర్మానం కిందే సంతకం పెట్టి ఉంటుంది.

బళ్లోనూ ఇదే తంతు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. స్కూల్ యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. బడికి ఏం కావాలో ప్లాన్ రాయాల్సింది ఆ కమిటీనే. నేను వెళ్లిన ఒక మీటింగ్‌లో ఒక తల్లి, మధ్యాహ్న భోజనం వండే ఆవిడే, లేచి అడిగింది. "ఆడపిల్లల టాయిలెట్‌కి లోపల గడియ లేదు సారూ. ఒక పిల్ల పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడుతోంది." హెడ్మాస్టర్ మంచివాడే, కానీ "అది ఈ ఎజెండాలో లేదమ్మా" అన్నాడు. ఎజెండాలో ఉన్నది రంగులు వేయించడం. గడియకి ఎంత ఖర్చవుతుంది? ఆ మీటింగ్ మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే. మినిట్స్‌లో అది లేదు.

అన్నీ ఇలాగే ఉంటాయని మాత్రం అనను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. దాంతోపాటు ఉమ్మడి ఆంధ్రలో సామాజిక తనిఖీ అని ఒకటి వచ్చింది. ఊళ్లోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్స్ (పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పంపేవారు. తర్వాత ప్రజావేదికలో అందరి ముందూ గట్టిగా చదివేవారు. ఫలానా మనిషి, ఇన్ని రోజులు, ఇన్ని రూపాయలు. "నేనెప్పుడు పోయిన్రా పనికి, ఆ నెలంతా ఆసుపత్రిలో ఉన్న కదా!" అని ఒక ముసలామె లేచి అరిస్తే ఫీల్డ్ అసిస్టెంట్ ముఖం చూడాలి. ఆమెకి ఒక్క అక్షరం రాదు. లెక్క చదివి వినిపిస్తే చాలు, తప్పు ఎక్కడుందో పట్టేసింది. తిన్న డబ్బుల రికవరీలు సరిగ్గా జరగలేదు, ఒత్తిళ్లు వచ్చాయి, తర్వాత తర్వాత అదీ నీరుగారిపోయింది. కానీ చదువురాని మనిషి పాలనలో ఎలా పాల్గొంటుంది అని అడిగేవాళ్లకి నేను చూపించేది ఆ వేదికనే.

మా ఊళ్లో కొత్త సర్పంచ్ ముప్పై ఏళ్ల అమ్మాయి, ఇంటర్ దాకా చదివింది. కీ ఇచ్చిన రోజే మా చిన్నమ్మ వెళ్లి "బిడ్డా, అది నీ దగ్గరే పెట్టుకో, నీ మొగుడడిగినా ఇయ్యకు" అని చెప్పి వచ్చింది. నేను కార్యదర్శిని రెండు అడిగాను. గ్రామసభ సాయంత్రం ఆరింటికి పెట్టండి, తీర్మానాలు అక్కడే పైకి చదివి అక్కడే సంతకాలు తీసుకోండి, ఇల్లిల్లూ తిరగొద్దు అని. పొద్దున్నే పెట్టాలని రూల్ ఉందా అంటే లేదన్నాడు. మరి పెట్టొచ్చుగా అంటే, "ఆరింటికైతే ఎంపీవో సార్ రారు కదన్నా" అన్నాడు. ఎంపీవో అంటే మండల పంచాయతీ అధికారి. సార్ రాకపోయినా ఊరు వస్తుందని చెప్పాను. కోరం, అంటే కనీసం రావాల్సినంత మంది, నిండితే చాలు కదా అని కూడా అన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. ఇంకా ఫోన్ చేయలేదు, రేపు నేనే పోయి అడుగుతాను, చిన్నమ్మని కూడా తీసుకెళ్తాను.