సాఫ్ట్‌వేర్‌వారి పుట్టుపూర్వోత్తరాల విచారణ

లినక్స్ కంప్యూటర్‌లో విండోస్ ప్రోగ్రాములు నడపాలనుకునే ధూర్తులు ముందుగా ఒక విషయం గ్రహించాలి. ప్రోగ్రామ్ నడుస్తున్నదా లేదా అన్నది ముఖ్యం కాదు, ఎవరి పంచన నడుస్తున్నదన్నదే ముఖ్యం. ఈ మధ్య నేను డబ్బు పెట్టి కొన్న అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఒకటి, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చక్కగా తెరుచుకుని, తన లోగోను నిండుగా ప్రదర్శించి, "నేను విండోస్ 11లో మాత్రమే పనిచేస్తాను" అని ప్రకటించి మూసుకుపోయింది. ఆ ప్రకటన చేసేటంతసేపూ అది లినక్స్‌లో నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నది!

ఇంతటి కఠోర నియమానికి విరుగుడు ఏమిటంటే, వైన్ సెట్టింగుల్లో విండోస్ వెర్షన్ అన్నచోట పేరు మార్చి ఓకే నొక్కడమే. ప్రాసెసర్ మారలేదు, మెమరీ పెరగలేదు. పేరు మారగానే మాత్రం సకల సాంకేతిక అభ్యంతరాలూ తొలగిపోయాయి.

ఇక ఇన్‌స్టాలేషన్ ఘట్టం చూసి తీరవలసినది. ఇన్‌స్టాలర్‌వారు గంభీరంగా సి డ్రైవ్‌లో కొలువుదీరతారు. ఆ సి డ్రైవ్ నా హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న మామూలు ఫోల్డర్ అని వారికి తెలియదు, మనమూ చెప్పము. పక్కన టెర్మినల్‌లో 'ఫిక్స్‌మీ' అంటూ వరుసలకు వరుసలు దొర్లుతుంటాయి. అవి వైన్ రాసేవారు ఇంకా పూర్తికాని పనుల గురించి పెట్టుకున్న గుర్తులే తప్ప ప్రళయ సూచనలు కావు. చివరికి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే గాని మార్పులు అమలు కావని ఆజ్ఞ వెలువడుతుంది. వైన్ వినయంగా సరేనని, తన పరిధిలోని ప్రోగ్రాములను మాత్రం మూసి, మిగిలిన పనులు ముగించి, రీస్టార్ట్ అయిపోయిందని విన్నవించుకుంటుంది. అవతల బ్రౌజర్‌లో పాట ఆగనైనా ఆగదు. ఇన్‌స్టాలర్‌వారు మాత్రం తమ మాట చెల్లిందని పరమ సంతృప్తితో సెలవు తీసుకుంటారు.

ఈ నాటకాన్ని ఇంత ఓపికగా ఆడిస్తున్నది ఎవరు? 1993లో మొదలైన వైన్‌కు 1.0 వెర్షన్ వచ్చింది 2008లో. మూల కోడ్ కంటితో చూడకుండా, విండోస్ ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించి తెలుసుకుంటూ, వేల ఫంక్షన్లను మళ్లీ మొదటినుంచి రాశారు. విండోస్‌లోని తప్పులనే నమ్ముకుని బతికే ప్రోగ్రాములున్నాయి గనుక ఆ తప్పులను సైతం శ్రద్ధగా తిరిగి రాశారు. అందుకు దక్కిన గౌరవం ఏమిటయ్యా అంటే, 2005లో విండోస్ అసలుదా నకిలీదా అని తేల్చే మైక్రోసాఫ్ట్‌వారి పరీక్ష, వైన్ ఉనికిని పట్టించే రిజిస్ట్రీ కీ (సెట్టింగుల చిట్టాలోని ఒక పద్దు) కోసం ప్రత్యేకంగా వెతుకుతున్నదని బయటపడింది.

ఆటల సంగతికి వస్తే నవ్వు కూడా రాదు. ఆటల్లో మోసాలను పట్టే ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు, అంటే ఆటల కోసం వైన్ మీద కట్టిన సాఫ్ట్‌వేర్‌కు, దారి తెరిచాయి. ఆట తయారుచేసినవారు అనుమతి ఇస్తే చాలు. ఇవ్వనివారు ఇవ్వరు, అడిగితే మోసగాళ్లు చొరబడతారంటారు. విండోస్‌లో మోసగాళ్లే లేరు కాబోలు! పరీక్షించే ఓపిక లేదని ఒప్పుకోండి, మీ సంఖ్య మాకు లెక్కలోనిది కాదని మొహం మీదే చెప్పండి, అంతేగాని నడిచే ప్రోగ్రామ్ కాళ్లు మీరే విరిచి, అది కుంటిదని మాకు చెప్పకండి.

అన్నట్టు, నా అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌వారి డబ్బు కట్టే పేజీ లినక్స్ బ్రౌజర్‌లో ఒక్క ప్రశ్నయినా వేయకుండా తెరుచుకున్నది.