ఆకు రాలని ఊరికి వసంతం ఎలా వస్తుంది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. హైదరాబాద్‌లో ఇప్పుడు చలి పోయిన సంగతి ఏసీ సర్వీసింగ్ వాళ్ల మెసేజ్ చూస్తే తెలుస్తోంది.

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన కానుగ చెట్టు ఉంది. ఫిబ్రవరి చివర్లో ఆకంతా దులిపేసుకుంటుంది. వాచ్‌మన్ పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి కార్ల మీద మళ్లీ పరుచుకుంటుంది. కొన్నాళ్లకు ఒక పొద్దున చూస్తే కొమ్మలన్నీ నూనె రాసినట్టు లేతాకుపచ్చగా మెరుస్తుంటాయి. పోయినేడాది అసోసియేషన్ మీటింగ్‌లో "కార్లు పాడవుతున్నాయి" అని ఒకాయన లేచారు. ఆదివారానికల్లా రంపం వచ్చింది. చిగురు వేయాల్సిన కొమ్మలు డీసీఎం వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాయి.

ఊరంతా ఇదే బుద్ధి. డివైడర్ల నిండా కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఎందుకు నాటారు? త్వరగా పెరుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. మూడూ నిజమే, కాదనను. దాని పుప్పొడితో ఆస్తమా వస్తుందో రాదో డాక్టర్లు తేల్చుకోనీ. మొక్కలు నాటే సర్కారీ పథకం హరితహారంలో ఇక నాటొద్దని ఆ తర్వాత సర్కారే చెప్పింది కూడా. నా గొడవ వేరు. డిసెంబర్‌లోనూ ఏప్రిల్‌లోనూ ఒకేలా ఉండే చెట్టుకీ, గోడకేసిన ఆకుపచ్చ పెయింటుకీ తేడా ఏముంది? మోదుగ అలా కాదు. ఆకు రాల్చి, మోడై, నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. ఆ పూలు ఉడకబెట్టే ఒకప్పుడు హోలీ రంగు తీసేవాళ్లు. ఇప్పుడు ఆ పూత కళ్లారా చూడాలంటే వికారాబాద్ వైపు కారు తీయాలి.

ఎండుటాకు చెత్త అనుకున్నవాడికి, ఆకు రాలిన నేల కూడా ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ఏ పార్టీ వచ్చినా ఇదే చూపు. 2025లో ఉగాది మార్చి 30న పడింది. మనం పచ్చట్లో వేపపువ్వు కలుపుతున్న ఆ రోజే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేయడానికి సర్కారు బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే గానీ ఆగలేదు. కంచ అంటే పశువులు మేసే బీడు. 400 ఎకరాల పొదలు, బండలు, నెమళ్లు ఉన్న నేలను ఖాళీ అనాలంటే ఎంత ధైర్యం కావాలి!

వచ్చే వానాకాలానికి మొక్కల జాబితా రాసే అధికారులు కానుగ, వేప, రావి, మోదుగ రాయండి. ఆకులు ఊడ్చే ఖర్చు ఆస్తిపన్నులో కలపండి, కడతాం. మా అసోసియేషన్‌తో నేను మాట్లాడుకుంటాను.