20 పడితే ఏదైనా అయిపోద్దా?

డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఇరవై ముఖాల పాచిక వేసి పాత్రలతో కథ నడిపే ఆట; ఆట నడిపించేవాడు డీఎం. నెల్లూరు, కావలి, ఒంగోలు డీ అండ్ డీ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగతా ఉంది. రూల్ రెండు రకాలుగా అర్థమైతే ఆటగాడికి లాభమయ్యేదే తీసుకోవాలంట. దాని కింద నాలుగు తీర్పులు. నాలుగూ తప్పే. ఐదో ఎడిషన్ పుస్తకంలో నాలుగింటికీ సూటిగా జవాబుంది.

"20 పడితే ఏ పనైనా అయినట్టే."

దాడికి మాత్రమే. అక్కడ 20 పడితే ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) ఎంతున్నా దెబ్బ తగులుద్ది. ఎబిలిటీ చెక్‌కి, అంటే గోడెక్కడం లాంటి పనికి వేసే పాచికకి, ఆ వరం లేదు. ఉదయగిరి కోట గోడ ఎక్కడానికి డీఎం డీసీ (అందుకోవాల్సిన మొత్తం) 25 పెట్టాడనుకోండి. అథ్లెటిక్స్ (ఎక్కే, దూకే నైపుణ్యం) -1 ఉన్నవాడికి 20 పడినా మొత్తం 19, ఎక్కలేడు. ఒక్కడికైతే 5 శాతమే కదా అంటారు. నలుగురూ తలా ఒకసారి వేస్తే ఎవరో ఒకరికి 20 పడే అవకాశం 18.5 శాతం. ఫార్వర్డ్ ప్రకారమైతే అసాధ్యమని పెట్టిన గోడ అయిదారు ప్రయత్నాల్లో ఒకసారి లొంగిపోద్ది. 2022 ఆగస్టు ప్లేటెస్టులో (కొత్త రూల్స్‌ని ముందుగా ఆడి చూడటం) అన్ని చెక్‌లకీ 20 గెలుపని పెట్టి చూశారు. 2024 పుస్తకంలోకి అది రాలేదు. బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో మాత్రం ఉంది, కొందరికి ఈ నమ్మకం అక్కడిదే కావచ్చు. అసలు ఎంత పడినా కాని పనికి పాచిక వెయ్యమనడం డీఎం తప్పు.

"రెండు అడ్వాంటేజ్‌లుంటే మూడు పాచికలు."

కాదు. అడ్వాంటేజ్ అంటే పరిస్థితి అనుకూలంగా ఉండటం. దానికి ఎన్ని కారణాలున్నా రెండే పాచికలు, పెద్దది తీసుకోవాలి. ఒక్క డిసడ్వాంటేజ్ (ప్రతికూలత) వచ్చినా అన్నీ రద్దు, మామూలుగా ఒక పాచికే. 11 లేదా పైన పడాల్సిన చోట ఒక పాచికకి 50 శాతం, రెంటికి 75. మూడోది కలిపితే 87.5, ఇంక వెయ్యడం దేనికి? ఎల్వెన్ యాక్యురసీ ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక శక్తి) ఉంటే మూడోసారి వెయ్యొచ్చు, అది ఆ ఫీట్ ఇచ్చే మినహాయింపు.

"క్రిటికల్ పడితే మొత్తం డ్యామేజీ రెండింతలు."

క్రిటికల్ అంటే దాడికి 20 పడటం. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో బోనస్‌ని కూడా గుణించేవాళ్ళు. అయిదోదాంట్లో పాచికలే రెట్టింపు, బోనస్ ఒక్కసారే. లాంగ్‌స్వోర్డ్ 1డీ8+3 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, బోనస్ 3) అయితే క్రిటికల్‌కి 2డీ8+3, సగటు 12. అంతా రెట్టిస్తే 15. మూడే తేడా కదా, ఆటగాడికేగా లాభం అని వదిలేస్తే ఓగర్ (రాక్షస జీవి) కూడా అదే లెక్కతో కొడుతుంది. దాని గద 2డీ8+4. పుస్తకం ప్రకారం క్రిటికల్ 4డీ8+4, సగటు 22. ఫార్వర్డ్ ప్రకారం 26. మొదటి లెవెల్ ఫైటర్‌కి 12 హెచ్‌పీ (ప్రాణబలం) ఉన్నాయనుకోండి. నిండా ఉన్నప్పుడు ఒక్క దెబ్బలో 24 తగిలితే డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోడానికి వేసే పాచికలు) కూడా లేకుండా అక్కడికక్కడే చావు. 22కి స్పృహ తప్పి పడతాడు, 26కి కొత్త క్యారెక్టర్ షీట్ రాసుకోవాలి.

"పర్సెంటైల్‌లో 00, 0 పడితే సున్నా."

వంద. పర్సెంటైల్ అంటే పదులకొకటి, ఒకట్లకొకటి రెండు పాచికలేసి 1 నుంచి 100 దాకా అంకె తెచ్చుకోవడం. 00, 7 పడితే ఏడు. సున్నాగా చదివితే పట్టికలో 100 ఎప్పటికీ రాదు.

పుస్తకం తేల్చి చెప్పనివీ ఉన్నాయి. పాచిక షీటు అంచుకి ఆనుకుని వాలిందా, బల్ల కింద పడిందా, లెక్కా కాదా? అది డీఎం ఆట మొదలవకముందే చెప్పాలి. అంకె కనబడ్డాక అడిగితే 18 వేసినవాడు లెక్కంటాడు, 3 వేసినవాడు మళ్ళీ వేస్తానంటాడు.