మహారాజశ్రీ కీ బాక్సు గారికి

మహారాజశ్రీ కీ బాక్సు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఏదో ఒక గేటు చువ్వకో, మెట్ల రెయిలింగుకో, గోడ వెంట దిగే నీళ్ళ గొట్టానికో వేలాడుతూ, వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

తాళంచెవి దాచుకునే నాలుగంకెల డబ్బాకి ఉత్తరమేమిటని మా ఇంట్లోవాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. సెలవులకు ఎటైనా వెళ్దామని ఇల్లు వెతికే ప్రతిసారీ ఆఖరికి నాకు పరిచయమయ్యేది మీరొక్కరే. ప్రకటనలో పైన పెద్దక్షరాల్లో ‘వందేళ్ళ నాటి ఇల్లు’, ‘ప్రతి గదికీ ఒక కథ’, ‘ఊరివాళ్ళలో ఒకరిగా ఉండండి’ అని ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో ‘సెల్ఫ్ చెక్-ఇన్’ అని ఉంటుంది, తాళంచెవి ఇవ్వడానికి ఎవరూ రారు, డబ్బా తెరిచి మనమే తీసుకోవాలని. అంటే తమరన్నమాట. ఆ కథల వైకుంఠానికి ద్వారపాలకులు తమరే. జయవిజయులకీ మీకూ తేడా ఒక్కటే. వాళ్ళు మునులను అడ్డుకోవడానికైనా నోరు విప్పారు.

మీరు కాపలా కాస్తున్న ఈ వ్యాపారం ఎలా మొదలైందో మీకెవరూ చెప్పి ఉండరు. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ సదస్సు జరిగింది. హోటళ్ళు నిండిపోయాయి. ఇంటద్దె కట్టడానికి అవస్థపడుతున్న ఇద్దరు కుర్రాళ్ళు తమ హాల్లో గాలి పరుపులు పరిచి, ముక్కూమొహం తెలియని ముగ్గురికి చోటిచ్చారు. మరుసటి ఏడు అదే, ఊరూరా ఇళ్ళని రోజుల లెక్కన అద్దెకి కుదిర్చే ఎయిర్‌బిఎన్‌బి అయింది. ఆ వాటాలో చరిత్రా లేదు, శిల్పమూ లేదు. ఉన్నదల్లా, అక్కడే కాపురముంటున్న ఇద్దరు మనుషులు. వచ్చినవాళ్ళకి తలుపు వాళ్ళే తీశారు. అప్పటికి ఆ ఇంట్లో మీకు ఉద్యోగం లేదు.

ఇంట్లో కాపురమున్న మనిషికి తెలిసే సంగతులు వేరుగా ఉంటాయి. కిటికీని ముందు కాస్త పైకెత్తి, తర్వాత తోయాలి. వేడినీళ్ళ కుళాయి మొదట దగ్గి, ఆనక పారుతుంది. పై గది పొద్దున హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం ఉడికిస్తుంది. దూలం కిందుగా ఉంది, పొడుగువాళ్ళు తల వంచాలి. ఇవన్నీ గుమ్మంలో నిలబడి తాళంచెవి చేతికిస్తూ, రెండు నిమిషాల్లో, మనం అడగకుండానే చెప్పేస్తారు. మనకి ఇల్లు అర్థమవడం అక్కడ మొదలవుతుంది.

పాపం, తమరికి ఆ వీలు లేదు. తమరి భాషలో రెండే మాటలు. క్లిక్కుమంటే కోడ్ సరైనది, ఉలకకపోతే తప్పు. ఒకసారి అర్ధరాత్రి దాటాక ఒక పాత వీధిలో దిగాను. గేటు పొడుగునా మీవాళ్ళు బారులు తీరి వేలాడుతున్నారు, అందరూ నల్లగా, అందరూ ఒకే పోలికలో. ఫోన్ టార్చ్ వెలుగులో ఒక్కొక్కరి దగ్గరా నా నాలుగంకెలూ తిప్పుకుంటూ వెళ్ళాను. పై అంతస్తు కిటికీలోంచి ఒక పెద్దాయన నేను దొంగనో కాదో తేల్చుకోలేక చాలాసేపు చూశాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం? ఇంటి ఓనరుకి మెసేజ్ పెడితే క్షణంలో జవాబు వచ్చింది, నేనడిగినదానికి కాదు: ‘మీ ప్రయాణం సుఖంగా సాగిందని ఆశిస్తున్నాం! తడిచెత్త, పొడిచెత్త వేరు చేయడం మరవకండి!’ అన్నట్టు, ఆ మజిలీ మొత్తం మీద నన్ను కళ్ళారా చూసిన స్థానికుడు ఆ పెద్దాయన ఒక్కడే.

లోపలికి వెళ్ళాక మీ సావాసగాడు వైడ్ యాంగిల్ లెన్సు చేసిన ఘనకార్యం బయటపడుతుంది. దూరపు కొండలు నునుపని సామెత కట్టినవాళ్ళు ఆ లెన్సుని చూడలేదు గానీ, చూసి ఉంటే దగ్గరి గోడలు దూరమని కూడా కట్టేవాళ్ళు. 14, 16 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి గది మూల నుంచి ఫొటో తీస్తే మంచం చుట్టూ బొంగరం తిప్పుకునేంత చోటు కనిపిస్తుంది. పట్టుకోవాలంటే ఫొటో అంచుల్లో ఉన్న గుండ్రటి వస్తువులు చూడాలి. గడియారమో పళ్ళెమో కోలగా సాగిపోయి ఉంటే, గదిని కూడా అంతే సాగదీశారన్నమాట. ఒకే సోఫాని నాలుగు దిక్కుల నుంచీ చూపించి, బాత్రూములో మాత్రం కుళాయిని ఒక్కదాన్నే దగ్గరగా చూపించారంటే, డబ్బు కట్టకముందే ఆ చూపించని భాగం గురించి అడగాలి. మెట్ల ఫొటో లేకపోయినా అంతే.

ఇక సామాను. బూడిదరంగు సోఫా, దాని మీద ఆవపిండి రంగు దిండ్లు రెండు, తాడుకి వేలాడే బల్బు, ఎవరూ తెరవని పుస్తకాలు రంగుల వారీగా పేర్చిన అర, గోడ మీద ఆ ఊరి పేరునే ఫ్రేము కట్టి తగిలించిన పటం. ఎక్కడికొచ్చామో మరిచిపోతామని కాబోలు. ఖండాలు మారినా ఈ సరంజామా మారదు. దీనికి ఓనర్ల అభిరుచిని తిట్టేవాళ్ళున్నారు, నేను తిట్టను. తప్పు తమరిది. ఇంట్లో చెప్పే మనిషి లేనప్పుడు చెప్పాల్సిన సంగతి ఏదీ ఇంట్లో ఉండకూడదు. అందుకని మొరాయించే కిటికీని పీకేస్తారు. కిర్రుమనే చెక్క నేలను ప్లాస్టిక్ చెక్కతో కప్పేస్తారు. భుజంతో నెడితే గానీ తెరుచుకోని పాత తలుపుని ఊడదీసి, కార్డు గీస్తే తెరుచుకునేది పెడతారు. మీరు గుమ్మంలో కుదురుకోగానే వెనక గుమ్మంలోంచి ఇవన్నీ ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. మిగిలినదానికి ‘కథ ఉన్న ఇల్లు’ అని పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మరి అందరూ ఐదు నక్షత్రాలు ఇచ్చారే అంటారా? బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో లెక్క తీస్తే, ఎయిర్‌బిఎన్‌బిలో దాదాపు 95 శాతం ఇళ్ళకి సగటున నాలుగున్నరో ఐదో వచ్చాయి. అందరూ ఫస్టు ర్యాంకే అయినప్పుడు ఆ ర్యాంకు చూసి ఏం తెలుసుకోవాలి? అందుకే నేను మూడు నక్షత్రాలిచ్చినవాళ్ళ కోపం చదువుతాను. ‘మెట్లు మరీ నిటారు, పొద్దున్నే గంటలు మోగుతాయి, ఇంటావిడ మాటల పోగు’ అని ఎవరైనా విసుక్కుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. వెంటనే తేదీలు ఖాళీగా ఉన్నాయేమో చూస్తాను. ‘వేడినీళ్ళు రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు’ అన్న కోపం వేరు. అక్కడ ఉన్నది మీరేనని అర్థం.

వింత ఇల్లు ఎంచుకుంటే మీ బెడద తప్పుతుందని కొందరు అనుకుంటారు. 2022లో ఎయిర్‌బిఎన్‌బి చిత్రవిచిత్రమైన ఇళ్ళు కట్టడానికి వందమందికని కోటి డాలర్ల నిధి ప్రకటించింది. అంతకుముందే, అమెరికాలో ఐడహో రాష్ట్రపు బంగాళాదుంపల ప్రచారానికి లారీ మీద ఊరూరా తిరిగిన ఒక భారీ నకిలీ దుంప, రిటైరయ్యాక 2019లో బసగా మారి పొలంలో కూర్చుంది. సరదానే, ఒక రాత్రికి. దుంపలో పడుకున్నామని నలుగురికీ చెప్పుకున్నాక ఇంకేం చెప్పుకుంటాం?

దానికి ఎదురుగా ఒక అనాసపండుని పెడతాను. బ్రిటన్‌లో 1965లో మొదలైన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ, పాడుబడిపోతున్న పాత కట్టడాలను బాగుచేసి సెలవులకు అద్దెకిస్తుంది. స్కాట్లాండ్‌లో డన్‌మోర్ దగ్గర 18వ శతాబ్దపు తోటలోని కట్టడం ఒకటి వాళ్ళ చేతిలో ఉంది. తోట గోడ మధ్యలో, శిఖరం ఉండాల్సిన చోట, ఆకులతో సహా చెక్కిన రాతి అనాసపండు. ఫొటోకి అది చాలు. నాకు నచ్చిన సంగతి మాత్రం దాని కింద ఉంది. వంటిల్లూ హాలూ ఒక పక్క, పడకగదులు ఇంకో పక్క. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోవాలంటే ఆరుబయటికి వచ్చి నడవాలి, చలైనా వానైనా. మీ ఏలుబడిలో అయితే ఈపాటికి మధ్యలో అద్దాల వసారా లేచేది. వాళ్ళు లేపలేదు. ఆ ఇళ్ళలో టీవీ ఉండదు, లాగ్‌బుక్ ఉంటుంది. ఇదివరకటి అతిథులు చేత్తో రాసి పెట్టిపోయిన కబుర్లు అందులో ఉంటాయి. వాటికి నక్షత్రాలు ఉండవు.

ఇటలీవాళ్ళది ఇంకో దారి. 1976లో ఫ్రియూలి ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఆ తర్వాత బాగుచేసిన ఇళ్ళు ఖాళీగా పడి ఉన్నప్పుడు ‘అల్బెర్గో డిఫ్యూజో’ అనే ఆలోచన పుట్టింది. ఊరంతా పరుచుకున్న హోటల్ అనుకోండి. రిసెప్షన్ ఒక ఇంట్లో, మన గది రెండు వీధులవతల ఇంకో ఇంట్లో, మధ్యలో ఊరివాళ్ళు తమ పనుల్లో తాముంటారు. తాళం ఇచ్చే చోట మనిషి ఉంటాడు. గది దాకా దారి చూపించడానికీ మనిషే వస్తాడు.

మతేరా సంగతి చెబితే మీకు నచ్చదు. దక్షిణ ఇటలీలో కొండరాయిని తొలిచిన ఆ గుహల ఇళ్ళలో జనం పశువులతో సహా ఒకే గదిలో బతికేవాళ్ళు. దేశానికే సిగ్గుచేటని 1952లో చట్టం చేసి, దాదాపు 15,000 మందిని అక్కణ్ణుంచి తరలించడం మొదలుపెట్టారు. 1993లో యునెస్కో అదే చోటుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఆ గుహల్లో ఎన్నో విలాసవంతమైన గదులు, స్నానపు తొట్లు. గాడిదను కట్టిన చోటు ఇదీ అని చెప్పడానికి ఎవరైనా ఉంటే అది మతేరా. ఎవరూ లేకపోతే గాలాడని ఖరీదైన గది. రాయి రెండిట్లోనూ ఒకటే.

మీ మీద కోపం నాకొక్కడికే అనుకోకండి. 2024 చివర్లో రోమ్‌లో కొందరు రాత్రికి రాత్రి మీ వాళ్ళను పాడుచేసి, ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెట్టే కథల దొంగ రాబిన్‌హుడ్ టోపీలు తగిలించి పోయారు. ఫ్లోరెన్స్‌లో మీ మొహాల మీద ఎర్ర టేపుతో ఇంటూ గుర్తులు వేశారు. 2025లో ఆ నగరం తన చారిత్రక కేంద్రంలో మిమ్మల్ని వీధి వైపు తగిలించకూడదని ఆంక్ష పెట్టింది. అతిథిని స్వయంగా చూసి గుర్తింపు సరిచూసుకోవాలని ఇటలీ హోం శాఖ 2024 నవంబరులో సర్క్యులర్ ఇస్తే అది కోర్టుకెక్కింది. న్యూయార్క్ ఇంకా ముక్కుసూటిగా పోయింది. 2023 సెప్టెంబరు నుంచి అక్కడ 30 రోజుల లోపు అద్దెకివ్వాలంటే పేరు నమోదు చేసుకోవాలి, ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఇవన్నీ నాలాంటి యాత్రికుడి మనోభావాల కోసం చేసినవి కావు. అద్దెలు పెరిగి ఊరు ఖాళీ చేయాల్సి వస్తున్న అక్కడి జనం గొడవ నుంచి వచ్చినవి. కానీ చూడండి, వాళ్ళకి కావలసిందీ నాకు కావలసిందీ ఒకటే అయింది: ఇంట్లో మనిషి.

అలాగని మీరు పనికిరారని అనను. విమానం ఆలస్యమై తెల్లవారుజామున మూడింటికి దిగినప్పుడు, పడుకున్న ముసలావిణ్ణి లేపకుండా నన్ను లోపలికి పంపింది మీరే. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్ళకి మీరు దేవుడు. పని మీద వచ్చి ఒక రాత్రి పడుకుని పోయేవాడికి కథలెందుకు? వాళ్ళ విషయంలో మీతో నాకు పేచీ లేదు. కథ ఉందని చెప్పి డబ్బులు తీసుకునే గుమ్మాల దగ్గర్నుంచి మాత్రం కాస్త పక్కకి జరగండి.

జరగరని తెలుసు కాబట్టి నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. బుక్ చేసేముందు ఓనరుకి ఒకే ప్రశ్న పంపుతాను: ‘ఈ ఇంట్లో మీకు చిరాకు తెప్పించేది ఏమిటి?’ ‘మా ఇంట్లో అన్నీ బాగుంటాయి’ అని వస్తే ఆ ఇల్లు వదిలేస్తాను. జవాబుకి బదులు స్వాగత పత్రం, వైఫై పాస్‌వర్డ్ వివరాలు వస్తే ఇంకా తొందరగా వదిలేస్తాను. యాప్ బయట డబ్బు పంపమంటే ఇక మాటే లేదు. ఒకాయన మాత్రం పేజీడు రాశాడు. వెనక తలుపు వానాకాలం ఉబ్బిపోతుందట, వాళ్ళ నాన్న దాన్ని నలభై ఏళ్ళు తన్ని తెరిచాడట, ఎక్కడ తన్నాలో వచ్చాక చూపిస్తానన్నాడు. వచ్చేనెల అక్కడికే వెళ్తున్నాం.

ఇట్లు,
మీ నాలుగంకెల విధేయుడు,
ఒక అతిథి

తా.క.: మీ బంధువుల్లో బటన్ల రకం వాళ్ళు కొందరున్నారు కదా, అంకెలు ఏ వరుసలో నొక్కినా తెరుచుకునేవాళ్ళు. ఆ సంగతి మీ ఓనర్లకి తెలుసో లేదో నాకు తెలియదు. అడిగితే తప్ప నేను చెప్పను.